వేలిముద్ర

పప్పులో ఉప్పెక్కువైందని మొగుడు వంశీధర్ అన్నాడో లేదో, దమయంతి నోట "సారీ అండీ" వచ్చేసింది. ఆ ఉప్పు వేసింది అతనేనని బ్రాంప్టన్‌లో బస్సెక్కాక గుర్తొచ్చింది. ఆమె స్టూడెంట్ వీసా పుణ్యమా అనే అతనూ కెనడా వచ్చాడు. అయినా ఆ బేస్‌మెంట్ ఇంట్లో ఏది చెడినా సారీ మాత్రం ఆమెదే. "మా కోడలికి ఎంత అణకువో," అని అత్తగారు వీడియో కాల్‌లో మెచ్చుకుంటే మురిసిపోయింది కూడా.

బస్సు కదులుతుంటే నిన్న ల్యాబ్‌లో చెప్పిన సారీ కూడా గుర్తొచ్చింది.

యూనివర్సిటీ ల్యాబ్‌లో ఆమెది న్యూక్లియర్ ఫ్యూజన్ పరిశోధన. వెంట్రుకకన్నా పల్చటి రేకు మీద లేజర్ పడగానే అది భగ్గున ఆవిరై ప్లాస్మా పుడుతుంది. రెప్పపాటులో కోటోవంతు కూడా నిలవదు. ఆలోపే ఇంకో లేజర్‌తో దాన్ని ఫొటో తీయాలి. ఆ ఫొటోలుంటేనే ఆమె థీసిస్. నిన్న లేజర్ తొలిసారి పేల్చగానే దాని దారిలోని అద్దం కాలిపోయింది. ఎవరో గ్లోవ్స్ లేకుండా ముట్టుకున్నారు. వేలి జిడ్డు చాలు, అద్దం మాడటానికి.

"పొద్దున పోపు పెట్టొచ్చినవ్ కదా అక్కా, చెయ్యి తగిలిందేమో," అన్నాడు తోటి స్టూడెంట్ వికాస్, మెల్లగా, తెలుగులో. అంతే. గుమ్మడికాయ దొంగిలించకుండానే భుజాలు తడుముకుంది. ప్రొఫెసర్ అడగకముందే సారీ చెప్పేసింది. ఈ టర్మ్‌కి ఫొటోలు తీసే పని వికాస్‌కి వెళ్లింది, అద్దాలు తుడిచే పని ఆమెకి మిగిలింది.

ఇవాళ, పారేయమన్న ఆ అద్దాన్ని టార్చ్ వెలుగులో చూసింది. కాలిన మచ్చ పక్కన ఇంత లావు బొటనవేలి ముద్ర, దాని మీదుగా ఏటవాలు గాటు. పోయిన నెల వికాస్ బొటనవేలు తెగితే కట్టు కట్టింది తనే. ఆ గాటు తనకి తెలియకేం?

కోపం వస్తుందనుకుంది. సిగ్గొచ్చింది, చెవులు వేడెక్కేంత సిగ్గు. వాడు వేసింది ఒక్క అనుమానమే, మిగతా అబద్ధమంతా తనే ఆడింది. ఇంత చదువూ చదివి, తన వేలు ఒక్కసారి తను చూసుకోలేదు.

అద్దాన్ని డబ్బాలో పెట్టుకుని ప్రొఫెసర్ గది తలుపు తట్టింది. ఆయన తలెత్తగానే, పనిలో ఉండగా వచ్చినందుకు సారీ అనబోయి మింగేసింది.

"నిన్న చెప్పిన సారీ వెనక్కి తీసుకోవడానికి వచ్చాను," అంది.