అద్దం వెనక రాసిన ఏడో మాట

అద్దాల షావుకారు చెయ్యి ఎప్పుడూ తడబడలేదు. గాజు పలక మీద వజ్రపు మొన ఒక్కసారే లాగేవాడు. రెండోసారి లాగితే అద్దం పక్కకి పగులుతుంది. మాటలోనూ అంతే నికార్సు. అది చూసే అతన్ని సంఘంలోని యువ నాయకుల బృందానికి పెద్దగా నిలబెడదామనుకున్నారు పాస్టరుగారు.

బృందం నమ్మే ఏడు మాటల్ని నిలువెత్తు అద్దం మీద రాయించి హాల్లో పెట్టాలన్నది షావుకారు ఆలోచనే. వాక్యమే మాకు కొలత. పెద్దలకు లోబడతాం. మత్తు ముట్టం. పెళ్ళికాని ఆడా మగా మూసిన తలుపు వెనక ఒంటరిగా ఉండం. ఇలా సాగుతాయి. రాసే పని సంఘంలో అందరూ దర్జీ అక్క అని పిలిచే ఆవిడ కూతురిది. ఆడపిల్లలకు నాయకురాలు, ఒకచోట నిలవదని అందరూ పిచ్చుక అంటారు. అద్దం వెనక నుంచి అక్షరాలు తిరగేసి రాస్తుంది, ముందు నుంచి చూస్తే సరిగ్గా కనబడేలా.

ఒకరోజు షావుకారు కొట్లో ఆమె రాసిన ఆరో మాట ఇంకా తడిగా ఉంది. దుమ్ము పడుతుందని షావుకారే షట్టరు మోకాలెత్తు దాకా దించి, "ఇప్పుడే వస్తా, నువ్వు కానియ్యమ్మా" అని సరుకు దింపడానికి వెళ్ళాడు. లోపల అతని దగ్గర అద్దాలు కోసే మేస్త్రి ఉన్నాడు, పెళ్ళికానివాడు. కాసేపటికి ఇద్దరూ షట్టరు కింద నుంచి వంగి బయటికి రావడం సంఘంలో ఒకావిడ కంట పడింది.

కమిటీలో పాస్టరుగారు అడిగారు. "కొట్టు మీదే కదా, మీకేమైనా తెలుసా?"

షట్టరు నేనే దించానండీ అంటే సరిపోయేది. కానీ ఆ తర్వాత మాట్లాడాల్సింది తన నియామకం గురించే. కాబోయే పెద్ద కొట్లోనే నాలుగో మాట తప్పిందంటే ఎవరు ఒప్పుకుంటారు?

"నేనప్పుడు కొట్లో లేనండి," అన్నాడు. అబద్ధం కాదు. పిచ్చుకని నాయకత్వం నుంచి తీసేశారు.

షావుకారుకి మూడు వారాలు అన్నం సయించలేదు. "మీరు తినట్లేదు, కంచానికి కాపలా కాస్తున్నారు," అంది భార్య.

నియామకానికి ముందురోజు పిచ్చుక కుంచె పట్టుకుని కొట్టుకొచ్చింది. "ఏడోది మిగిలిపోయింది మావయ్యా."

"నిన్ను తీసేశారు కదమ్మా?"

"కుంచె తీసుకోలేదుగా. షట్టరు పూర్తిగా ఎత్తండి. దుమ్ము పడితే పడనీండి."

అతను షట్టరు పైకంటా ఎత్తాడు. "దించింది నేనని కమిటీకి నువ్వెందుకు చెప్పలేదు?"

"మీరు చెబుతారనుకున్నా," అని అద్దం వెనక్కి వెళ్ళింది. ఆమె రాస్తుంటే ఇవతల ఒక్కో అక్షరం తేలింది: తప్పు చేస్తే దాచం, అందరి ముందు ఒప్పుకుంటాం.

మర్నాడు హాలు నిండింది. కొత్త పెద్ద చెయ్యెత్తి అద్దం మీది ఏడు మాటలూ చదవాలి. మూడు చదివాడు. నాలుగో దగ్గర చెయ్యి దించేశాడు.

"ఆ షట్టరు దించింది నేనండి. నేనే పిలిచి పని చెప్పాను, నేనే వదిలి వెళ్ళాను. పిచ్చుక తప్పేం లేదు. మీరడిగినప్పుడు ఈ పదవి పోతుందని దాచాను."

"ఇప్పుడా చెప్పడం?" అన్నారు పాస్టరుగారు.

షావుకారు ముందు వరసలో తన కోసం వేసిన కుర్చీ దాటి, దర్జీ అక్క దగ్గరికెళ్ళి తలొంచుకుని నిలబడ్డాడు. పక్కన పిచ్చుక అద్దం వైపే చూస్తోంది. తిడుతుందనుకున్న అక్క తిట్టలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఆ షట్టరు నువ్వే దించావని అది ఇంట్లో మొత్తుకుంది తమ్ముడూ," అంది. "నిజంగా నువ్వే దించి ఉంటే చెప్పేవాడివే కదా అని, కన్నబిడ్డని నేనే నమ్మలేదు."