మల్లవ్వ దిగిన తాడు

మూడో అంతస్తు నుంచి ఇనుప బీరువాను దించడం వేరు, అక్కను దించడం వేరు. బీరువా నోరెత్తదు. మల్లవ్వ ఎత్తుతుంది, ఎత్తితే ఇక దించదు.

ముంబయి కామాటిపురా చాళ్లలో, ఆ పాత అద్దె బిల్డింగుల్లో, ఇరుకు మెట్ల మీద పట్టని సామాన్లను కిటికీలోంచి తాడుతో దించడం ఆమె తమ్ముడు బుచ్చన్న పని. వాళ్ల నాయిన రేవు గోదీలో ఓడల సరుకు దించేవాడు, కొడుకు ఒంటిగది ఖోలీల సరుకు దించుతున్నాడు. ఇప్పుడు వాళ్ల చాలే ఖాళీ అవుతోంది. పాత బిల్డింగును పడగొట్టి కొత్తది కడతారట. అందాకా మెట్లు కూలకుండా వాటి మధ్య ఇనుప కంబాలు నిలబెట్టారు. మనిషి పక్కకు తిరిగి, పొట్ట లోపలికి లాక్కుంటే గానీ దిగలేడు. కాళ్లు పడిపోయి ఏళ్ల తరబడి కిటికీ పక్క మంచానికే అంటుకుపోయిన మల్లవ్వను కుర్చీలో కూర్చోబెట్టి ఆ మెట్ల మీద మోసుకు దిగడం జరిగే పని కాదు.

"అత్తా, ఫైర్ బ్రిగేడ్‌ను పిలుస్త. వాళ్ల దగ్గర పొడుగు నిచ్చెన ఉంటది," అన్నాడు బుచ్చన్న కొడుకు విక్కీ.

"నేనేమన్న కాలుతున్ననారా? వద్దు. నాయిన తాడు ఉన్నది. దిగితే దాని మీదనే దిగుత. లేకుంటే ఈడనే ఉంట. బిల్డింగుతోటి నన్ను గూడ పడగొట్టుమను."

అన్నంత పనీ చేసే మనిషి.

నాయిన తాడు ఆమె మంచం కింద ఇనుప పెట్టెలో ఉంది. బొటనవేలంత లావు మనీలా నార తాడు. ఆయన పోయాక దాన్ని ఎవరూ పనికి తీయలేదు. ప్రతి దసరాకు మల్లవ్వ దాన్ని ఒళ్లో పెట్టించుకుని, పసుపునీళ్లతో తడిపి, కుంకుమ అద్ది, కొబ్బరినీళ్లు చల్లి, కొత్తగుడ్డలో చుట్టించేది. ఆ వాసనకే ఆమె కళ్లు మూతలు పడేవి. నాయిన ఈ తాడుతో ఉయ్యాల కట్టి ఊపాడనీ, ఆ ఉయ్యాల చాలు దాటి, గ్రాంట్ రోడ్ రైలుపట్టాలు దాటి, సముద్రం మీది దాకా పోయి వచ్చేదనీ చెప్పేది. నిజంగా ఊపాడో, మధ్యాహ్నపు నిద్రలో కన్న కలో ఎవరికి తెలుసు? బుచ్చన్న అప్పటికి పుట్టనే లేదు.

గాలికి పెడతానని చెప్పి అతను ఆ తాడును మిద్దె మీదికి తెచ్చాడు. పైకి చూస్తే బంగారం. కానీ పైపై మెరుగుకు పడిపోయే రకం కాదు బుచ్చన్న. రెండు చేతులా పట్టి పురిని వెనక్కి తిప్పి, పేటల సందు తెరిచాడు. లోపలి పీచు నల్లగా ఉంది. గోటితో గీకితే పొడి రాలింది. ముక్కిన గుడ్డ వాసన వేసింది. ఒక పోగు లాగితే చప్పుడైనా చేయకుండా తెగిపోయింది. బారెడు అవతల తెరిచి చూశాడు, అక్కడా అంతే.

తడిసిన తాడును నీడలో, గాలికి వేలాడదీసి, లోపలి తడి కూడా పోయాకే చుట్ట చుట్టాలి. తన పని తాళ్లన్నిటికీ బుచ్చన్న అదే చేస్తాడు. ఇసుక తగలనీయడు, ఎండకు వదలడు, ఎవరైనా తొక్కితే కొట్టినంత పని చేస్తాడు. కానీ పూజ చేసిన తాడును ఆరేసేదెవరు? కుంకుమ రాలిపోదూ! ఏటేటా భక్తిగా తడిపి, ఊపిరాడకుండా పెట్టెలో మూసిపెట్టారు. తడిపింది అక్క, మూత వేసింది తను. మిద్దె మీద ఒంటరిగా కూర్చుని బుచ్చన్న చాలాసేపు ఏడ్చాడు.

తర్వాత ముఖం కడుక్కుని నాగ్‌పాడా వెళ్లాడు.

తాళ్ల దుకాణంలో చుట్టలు గుట్టలుగా ఉన్నాయి. కొబ్బరిపీచు తాడు వెదుళ్లు కట్టడానికి సరే, మనిషికి పనికిరాదు. రంగురంగుల ప్లాస్టిక్ తాడు ఎండకు పెళుసెక్కుతుంది, రాపిడికి కరుగుతుంది. నైలాన్ గట్టిదే గానీ సాగుతుంది, దాని మీద అక్క గాల్లో ఎగిరెగిరి పడుతుంది. చివరికి అల్లిక పాలిస్టర్ తాడు తీశాడు. సాగదు, మెలి పడదు, తన కప్పీ గాడిలో సరిగ్గా కూర్చుంటుంది. కళ్లు మూసుకుని ఆ కొస నుంచి ఈ కొస దాకా వేళ్ల మధ్య నుంచి నడిపించాడు.

"కాకా, సోనా ఖరీద్ రహే హో క్యా?" అన్నాడు దుకాణదారు, బంగారమేమైనా కొంటున్నావా అని.

బుచ్చన్న కళ్లు తెరవలేదు. ఆ వేళ్ల మధ్య అప్పటికే అక్క దిగుతోంది.

ఇంటికొచ్చి ఆ తాడుతో ముందు బీరువాను దించాడు. తర్వాత తనే కుర్చీలో కూర్చుని వేలాడి చూశాడు. తాడు మీద అక్క చేతికి అందే మేర పసుపు రుద్దాడు. అక్క ముందు అబద్ధం చెప్పడం అతనికి ఈ జన్మలో చేతకాలేదు, అందుకే పసుపుతో చెప్పించాడు.

మధ్యాహ్నం విక్కీ ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, నడుముకూ ఛాతీకీ పట్టీలు బిగించి, భద్రానికి కట్టిన రెండో తాడును తన చేతిలో ఉంచుకుని, కిటికీలోంచి మెల్లగా బయటికి తోశాడు. మిద్దె దూలానికి వేలాడే కప్పీ మీంచి దిగివచ్చిన తాడును కింద బుచ్చన్న ఎదుటి చాలు రాతిస్తంభానికి రెండు చుట్లు వేసి పట్టుకున్నాడు. అంగుళం అంగుళం వదిలాడు.

గల్లీ అంతా నిద్రలో ఉన్నట్టు మెత్తబడింది. పావురాలు ఆమె చుట్టూ తిరిగి, ఇదేం పిట్టో అని చూసి పోయాయి. ఖాళీ అయిన ఖోలీల కిటికీలు ఒక్కొక్కటే ఆమెను దాటి పైకి వెళుతున్నాయి. చీర కుచ్చెళ్లలో గాలి నిండింది. దిగుతున్నది ఆమె కాదని, చాలే నెమ్మదిగా ఆకాశంలోకి లేచిపోతోందని బుచ్చన్నకు తోచింది. అరచేతుల్లో బరువు చూసుకుని ఉలిక్కిపడ్డాడు. ఇంత తేలికా? తనను చంకనేసుకుని ఈ గల్లీ పొడుగునా తిప్పిన మనిషి, ఒక కుట్టుమిషన్ అంత కూడా లేదు.

మొదటి అంతస్తు ఎత్తుకు వచ్చేసరికి ఆమె అంది, "బుచ్చీ, ఆపు."

ఆపాడు.

"గిది నాయిన తాడు కాదు."

బుచ్చన్న తాడును మరింత బిగించి పట్టాడు.

"పసుపు పూసినవ్ గానీ, నాయిన తాడు చేతికి గుచ్చుతది. ఇది పిల్లిపిల్ల లెక్క మెత్తగున్నది. పట్టుకోంగనే ఎరికైంది."

"మరెందుకు కూసున్నవక్కా?"

"నువ్వు కట్టినవ్ గదా అని కూసున్న. నాయిన తాడుకు ఏమైందిరా?"

రెండు చేతుల్లోనూ ఆమె బరువే ఉంది. తల తిప్పుకోవడానికి గానీ, పారిపోవడానికి గానీ లేదు.

"లోపల కుళ్లిపోయిందక్కా."

"నా పసుపునీళ్లకేనా?"

"పెట్టె మూత ఏసింది నేను."

మల్లవ్వ తలెత్తి తాడు వెంబడి పైకి, కప్పీ దాకా, దాని పైన ఆకాశం దాకా చూస్తూ ఉండిపోయింది. పైనుంచి విక్కీ, ఎందుకాపారని కేక వేశాడు. కాసేపటికి తాడులో సన్నటి వణుకు పుట్టి బుచ్చన్న అరచేతుల్లోకి దిగింది. అక్క ఏడుస్తోందని అతని ప్రాణం ఉసూరుమంది. భయపడుతూనే కళ్లెత్తి చూశాడు.

"నాయిన తాడైతే," అంది మల్లవ్వ, నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటూ, "ఈపాటికి కిందనే ఉందును గదరా!"

బుచ్చన్న మళ్లీ తాడు వదలబోయాడు.

"అప్పుడే దించకు. జరసేపు గిట్లనే ఉండనీ," అందామె, కళ్లు మూసుకుంటూ.

బుచ్చన్న స్తంభానికి ఇంకో చుట్టు వేసి నిలబడ్డాడు. అక్క ఇంకా నవ్వుతూనే ఉందని అతని చేతులకు తెలుస్తోంది.