ముప్పై మైళ్ళ మాట

సాతర్కుల్ పొద్దున్నే లేచి, పిడకల మంట మీద టీ కాచుకు తాగి, అద్దం తుడిచి, దానితో మాట్లాడటం మొదలుపెట్టేవాడు. నేల కొలిచి పటాలు గీసే కొలతలవాళ్ళ దగ్గర కొలువు అతనిది. కొండ కొమ్మున ఒంటరిగా కూర్చుని, అరచేయంత అద్దంతో ఎండను ముప్పై మైళ్ళ అవతలి కొండకు పంపాలి. అక్కడ ఇంజనీరు ఆ మెరుపును దుర్భిణిలో చూసి కొలతలు రాసుకుంటాడు. పని ముగిశాక అటునుంచి మూడు మెరుపులొస్తాయి. ఆ సెలవు అందేదాకా కొండ దిగకూడదు.

అద్దం ముందు అన్న మాట వెలుగుతోపాటే పోతుందని మా కొండల్లో చంటిపిల్లలకీ తెలుసు. కాకపోతే దూరం పెరిగేకొద్దీ వెలుగు పరుచుకుని పలచబడుతుంది, మాటా అంతే. గిన్నెడు పాలు ఏట్లో పోస్తే ఎవరి దోసిట్లోకి ఎంతొస్తాయి గనక? ముప్పై మైళ్ళు పోయేసరికి అరచేయంత వెలుగు పావుమైలు వెడల్పవుతుంది. ఇంజనీరు చెవిన పడేది ఏ ముక్కో. అదీ అతను పట్టించుకునేవాడు కాదు.

సాతర్కుల్‌కి పెళ్ళాం పోయి ఆరేళ్ళు. పిల్లల్లేరు. "ఇవాళ గాలెక్కువ," అనేవాడు అద్దంతో. "మోకాలు లాగేస్తోంది," అనేవాడు. బదులు రాని మాటలు ఎన్నాడితే మాత్రం దిగులు తీరుతుందా? అయినా ఆడేవాడు, పాపం.

వేసవి చివర్లో ఇంజనీరు మూడు మెరుపులూ పంపాడు. సరిగ్గా అప్పుడే మబ్బు అడ్డమొచ్చింది. సాతర్కుల్ చూడలేదు. బదులు మెరుపు కోసం ఆగే ఓపిక లేక ఇంజనీరు మూటాముల్లె సర్దుకుపోయాడు. ఇక్కడ ఇతను ఎండను బట్టి అద్దం తిప్పుతూనే ఉన్నాడు.

పన్నెండో రోజున, ఆ అవతలి కొండ కింద మందలతో మేతకొచ్చిన పదకొండు గుడారాల్లో ఒక కోడలు, బత్మా, పాలు పితుకుతూ తలెత్తింది.

"అత్తా, వెలుగులో ఎవరో 'పిండి' అంటున్నారు."

"అననీ. ఇక్కడ పాలు విరుగుతుంటే వెలుగుకి చెవులప్పగించి కూర్చో!" అని కసిరింది కాలిపా. కాసేపటికి తనే, "నాకూ పిడకల దగ్గర 'అయిపోయింది' అని వినపడిందిలే," అంది.

బత్మా చెంబు వదిలేసి ఊట దగ్గరికి పరిగెత్తింది. అక్కడ గుర్రాన్ని కడుగుతున్న జోల్దోష్ తాత, "నాకు 'మంచు' అని వినపడిందమ్మా. ముసలి చెవులు, నమ్మితే నమ్ము," అన్నాడు. ఆ పావుమైలూ ఈ చివర్నుంచి ఆ చివరికి గుడారం గుడారం తిరిగి, ఒలికిన గింజలు ఏరినట్టు మాటలన్నీ ఏరుకొచ్చింది. కలిపి చూస్తే ఇంతే: 'పిండి అయిపోయింది. మంచు పడింది. సెలవిస్తే దిగుతాను.'

"ఓరి వెర్రిబాగులోడా! ఆ ఇంజనీరు పోయి పన్నెండు రోజులైంది కదరా!" అని గుండె బాదుకుంది కాలిపా.

"మంచుకి చచ్చిపోతాడత్తా."

"గుర్రమెక్కి పోయినా మూడు రోజులు," అన్నాడు తాత. "అందాకా బతకడు."

"మన అద్దమే మెరిపిస్తే?"

"ఒక్క అద్దం ఏ మూలకి? వాడిది మంచి అద్దం. మనవి మసకబారినవి. అక్కడికెళ్ళేసరికి ఏమీ మిగలదు."

మర్నాడు పొద్దున్నే పదకొండు గుడారాల ఆడవాళ్ళూ వాలు మీదికెక్కారు. అద్దాలున్నవాళ్ళు అద్దాలు, లేనివాళ్ళు తోమిన ఇత్తడి పళ్ళేలు. కాలిపా పెట్టె అడుగునుంచి తన పెళ్ళినాటి అద్దం తీసింది. ఆ మెరుపొచ్చే శిఖరానికి సూటిగా తలో కర్రా పాతి, దాని కొసకు వెలుగు తగిలేలా పట్టుకున్నారు.

"సెలవు అందామా, దిగు అందామా?" అనడిగారు.

"తలో మాటా వాగితే ఒక్కటీ చేరదు," అంది బత్మా. "అందరం ఒకటే అనాలి. చిన్నది."

"అయితే ఆ ఇంజనీరులా మూడుసార్లు మెరిపించి 'రా' అనండి," అంది కాలిపా.

శిఖరం మీద సాతర్కుల్ మూడు మెరుపులు చూశాడు. హమ్మయ్య అనుకుని అద్దం పెట్టెలో పెడుతుంటే, ఆ వెలుగు వెనకే మాటొచ్చింది. పలచగా వచ్చింది, విరక్కుండా వచ్చింది. పొమ్మంటే చాలని పన్నెండు రోజులు కాచుకున్న మనిషి, రమ్మన్న మాట విని అక్కడే కూలబడి ఏడ్చాడు.

అతని ఆఫీసు పడమటి వైపు. అతను తూర్పుకి, ఆ మాటొచ్చిన వైపుకి దిగాడు. జోల్దోష్ తాత గుర్రంతో సగం దారి ఎదురెళ్ళాడు. ఇద్దరూ వచ్చేసరికి గుడారాల చుట్టూ మంచు పడుతోంది. మంచుకి ముందే కిందికి పోవాల్సినవాళ్ళు, ఎవరూ కొండ దిగలేదు.

"నీ మూలాన నాలుగు రోజులు ఆగిపోయాం," అని విసుక్కుంది కాలిపా, రొట్టె విరుస్తూ. "ఇంకా నిలబడతావేం? కూర్చో. తిను."