నాలుగు వందల పదిహేడో ల్యాంపు

నా పేరు సంతోషి. మొహంలో మాత్రం సంతోషం ఎప్పుడూ సరైన వేళకు రాదు. అది చూసి నవ్వుకునేవాళ్లు గోదావరిఖనిలో చాలామందే ఉన్నారు. నవ్వుకోనీ. నేను కథలు రాస్తాను. బాపు పోయాక వచ్చిన ఉద్యోగం నాది, గని ల్యాంపు రూములో. దిగేవాళ్లకు నెంబరు చూసి తలకు పెట్టుకునే ల్యాంపు ఇస్తాను, పైకొచ్చాక తీసుకుని ఛార్జింగుకు పెడతాను. రెండేళ్ల కిందట కరీంనగర్ డాక్టరమ్మ నాకు ఆటిజం ఉందని చెప్పింది. నన్ను కన్న మా అవ్వ సారవ్వ, "గింత పెద్దగైనంక పేరు పెట్టిండ్రా దానికి!" అంది.

ఆదివారం పొద్దున పత్రిక సంపాదకుడు రఘుపతి సారు ఫోన్ చేశారు. నావి నాలుగు కథలు తిప్పి పంపినాయన. ఐదోది నచ్చిందట, ఒక్కటి తప్ప.

"తండ్రి శవం ఇంట్లో ఉంటే కూతురు అన్నం తింటదా అమ్మా? చదివినోళ్లు తిడతరు. అది తీసెయ్. రెండు లైన్లు ఏడిపించు. సాయంత్రంలోగా పంపితే వచ్చే నెల వేస్త."

ఒళ్లు మండింది. ఆ అన్నం తిన్నది నేనే! కానీ అచ్చులో నా పేరు చూసుకోవాలని ఎన్నేళ్ల ఆశ. రెండు లైన్లే కదా అనుకుని కూర్చున్నాను. 'ఆమె బోరున ఏడ్చింది' అని టైపు చేశాను, కొట్టేశాను. మళ్లీ చేశాను, మళ్లీ కొట్టేశాను.

అవ్వ చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ, "ఏంది గట్ల గొణుగుతున్నవ్? సదువు, నేను గూడ వింట," అంది.

అవ్వకు చదువు రాదు. నా కథ ఎప్పుడూ అడగలేదు. బాపు పోయిన రోజు నేను తిన్నానని, దాంతో చుట్టాల ముందు తను తల ఎత్తుకోలేకపోయిందని పదమూడేళ్లుగా ఆమెకు నా మీద కోపం. భయమేసింది. అయినా చదివాను.

కథలో పిల్లకు తండ్రి గనిలోంచి పైకొచ్చాడని తెలిసేదాకా ముద్ద దిగదు. అందుకని ఆయన రోజూ గడపలో నిలబడి, "ల్యాంపు పెట్టొచ్చిన బిడ్డా, ఇగ తిందాం," అంటాడు. ఒకరోజు ఆమె కాలేజీ నుంచి వచ్చేసరికి ఇంటినిండా జనం, నడుమ తండ్రి. డ్యూటీ నుంచి రాగానే గుండె ఆగిందని అందరూ చెబుతున్నారు. ల్యాంపు సంగతి ఒక్కరూ చెప్పరు. ఆమె గనికి నడిచి వెళ్లింది. తండ్రిది, నాలుగు వందల పదిహేడో ల్యాంపు, దాని చోట ఉంది. తిరిగొచ్చి, అన్నం పెట్టుకుని తిన్నది.

అవ్వ చేతులు ఆగిపోయాయి. "గందుకా బిడ్డా తిన్నవు?"

"అవును."

"గిన్నేండ్లు నాకెందుకు చెప్పలే?"

"ఎందుకు తిన్నవని నువ్వు అడగలే. తిట్టినవ్, గంతే."

అవ్వ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఎవరైనా ఏడుస్తుంటే ఏం చేయాలో నాకు ఇప్పటికీ తెలియదు. పక్కన కూర్చుని మిగిలిన కాయలకు ఈనెలు తీశాను.

కాసేపటికి ముక్కు చీది, "గా సారుకు చెప్పు, నా బిడ్డ తిన్నదని. ఎవడు తిడతడో నేను చూస్త," అంది.

సారుకు రాశాను: "ఆ పిల్ల తింటుంది. ఏడవదు. ఒక్క అక్షరం మార్చను. వేస్తే ఇట్లాగే వేయండి, లేకుంటే ఆరో కథ పంపుతా."

"పంపినవా?" వంటింటి గడపలో నిలబడి అడిగింది అవ్వ.

"పంపిన."

"అయితే దా బిడ్డా, ఇగ తిందాం."