పసుపు పట్టు కింద

నేను ఒక స్కానింగ్ యంత్రపు చేతిని. డాక్టర్లు ప్రోబ్ అంటారు. సబ్బుబిళ్ళంత ఉంటాను, వెనక పొడుగాటి వైరు. నా మొహంలో సన్నటి స్ఫటికాలు వరసగా అతికించారు. అవి చెవికి అందని శబ్దాన్ని ఒంట్లోకి పంపి, తిరిగొచ్చిన దాన్ని తెరమీద బొమ్మ చేస్తాయి. ఫ్యాక్టరీలో నన్ను జెల్లీ లాంటి దిమ్మకు ఆనించి పరీక్షించారు. మనుషులూ ఆ దిమ్మలాగే మెత్తగా, నిమ్మళంగా ఉంటారనుకుని బయలుదేరాను.

మొదట ఒక స్కానింగ్ సెంటర్లో ఉన్నాను. నా తోడబుట్టింది, వంపు మొహంది, కడుపులో బిడ్డల్ని చూసేది. నవ్వులన్నీ దానివి. నాకు గడ్డలూ, ఉబ్బిన నరాలూ మిగిలేవి. సెంటరు మూసేశాక యజమాని నన్ను పల్నాటిలో ఒక ప్రభుత్వాసుపత్రికి దానమిచ్చి, శాలువా కప్పించుకుని ఫొటో దిగాడు. ఫొటోలో నేను లేను.

అక్కడ మత్తు డాక్టర్ కరీమున్నీసా చేతికి వచ్చాను. పూర్తి మత్తు ఇస్తే మనిషి ఊపిరి తనంతట తాను తీసుకోలేడు. వెంటనే గొంతులోంచి గొట్టం వెయ్యాలి. దారి మూసుకుపోయి ఉంటే ప్రాణం కళ్ళముందే పోతుంది. పైకి నాజూగ్గా కనిపించే మెడలు లోపల మోసం చేస్తాయి. అందుకని ఆవిడ మత్తుకు ముందు నన్ను మెడకు ఆనించి దారి చూసుకునేది.

ఒక మధ్యాహ్నం శేషకుమారిని స్ట్రెచర్ మీద తెచ్చారు. ముంజేతి ఎముక చర్మాన్ని చీల్చుకుని తెల్లగా బయటికొచ్చింది. మెట్లమీద జారిపడిందని మొగుడు ఏడుకొండలు చెప్పాడు. మెడ చుట్టూ మందంగా పసుపు పట్టు ఉంది.

"జలుబు జేసి గొంతు బిళ్ళలు గట్టినయ్యమ్మా. పసుపూ మిరియాలూ నూరి నేనే పట్టేశా" అంది అత్త.

"పూర్తి మత్తే ఇయ్యండి మేడం. భయస్తురాలు. నిద్దర్లో పని అయిపోయిద్ది" అన్నాడు ఏడుకొండలు.

వాళ్ళని బయట ఉంచి తలుపేశారు. డాక్టరమ్మ నోరు తెరవమంటే కుమారి బాగానే తెరిచింది. ఎముకల డాక్టర్ వంశీధర్‌కి తొందర.

"మెడ సన్నగానే ఉంది కదా మేడం, ఇచ్చెయ్యండి."

"నీ తొందర తగలెయ్య, ఆగు నాయనా."

తడిగుడ్డతో పసుపు తుడిచింది. కింద నీలంగా నాలుగు వేళ్ళ గుర్తులు. రెండోవైపు బొటనవేలు. జెల్ రాసి నన్ను ఆనించింది. నాకు కనపడింది చెప్తాను. నడిమధ్యన ఉండాల్సిన శ్వాసనాళం ఒక పక్కకు నెట్టుకుపోయి ఉంది. దాని పక్కన నెత్తురు గూడుకట్టింది. గొంతుముడి మెత్తటెముక చిట్లింది. ఫ్యాక్టరీ దిమ్మలో ఎవరూ నాకు ఇలాంటిది చూపించలేదు.

"చూశావా? నిద్రపుచ్చితే ఈ పిల్ల మళ్ళీ లేవదు. చెయ్యి వరకే తిమ్మిరెక్కిస్తా. గొంతు డాక్టర్ని పక్కనే ఉండమను, అవసరమైతే మెడ కోసి గొట్టం వెయ్యాలి" అందామె. వంశీధర్ తలూపాడు.

నన్నే కుమారి చంకలో ఆనించి నరాలు వెతికి సూది వేసింది. అలా కుమారి మెలకువగానే ఉండిపోయింది. అడ్డం కట్టిన గుడ్డ అవతల ఎముకకు మరలు దిగుతున్నాయి.

"నొప్పి తెలుస్తోందా తల్లీ?"

"తెలవట్లా." గొంతు గాజుపెంకు మీద గీసినట్టుంది. "మా ఆయన ఉన్నాడా ఈడ?"

"లేడు. తలుపవతల ఉన్నాడు."

పైకప్పు చూస్తూ చెప్పింది. "మిరపకాయల తొడాలు దీసే పనికి పోతానన్నా. రోకలి తీసుకుని చేతిమీద ఏశాడు. పడిపోయా. గుండెలమీద కూర్చుని గొంతు పిసికాడు. మా అత్త కిటికీలేసింది, అరుపులు బయటికి పోతయ్యని. తర్వాత పసుపు నూరింది."

"పోలీసుల్ని పిలవమంటావా?"

"పిలవండి. రేపైతే చెప్పలేనేమో."

ఆపరేషన్ అయ్యాక పక్కగదిలో డాక్టరమ్మ మెడ వాపును నాతో మళ్ళీ చూస్తోంది. మహిళా కానిస్టేబుల్ రాగానే ఏడుకొండలుకు సంగతి అర్థమైంది. తలుపు తోసుకుని లోపలికి దూకాడు.

"ఏం జెప్పావే?"

కుమారి మంచం మీదికి చెయ్యెత్తాడు. డాక్టరమ్మ అడ్డం వచ్చింది. ఆమె చేతిలోంచి నన్ను లాక్కుని, వైరు పట్టి గిరగిరా తిప్పి కొట్టాడు. నేను ఆమె కనుబొమ్మకు తగిలాను. చిట్లిన చర్మం, వెచ్చటి నెత్తురు. లోపలికి చూడటం తప్ప ఏమీ రాని నన్ను రాయిని చేశాడు. రెండోసారి విసిరితే గోడకు తగిలి నా మొహం పగిలింది. కానిస్టేబులూ వంశీధరూ కలిసి అతన్ని నేలకు అదిమారు. గుమ్మంలో అత్త గుండెలు బాదుకుంటూ, "మొగుడూ పెళ్ళాలన్నాక లక్షుంటయ్యి" అంటోంది.

కరీమున్నీసా నుదుటికి కుట్లు పడ్డాయి. నాకు కుట్లు వెయ్యలేరు. మొహంలో సగం స్ఫటికాలు చచ్చాయి, తెరమీద బొమ్మలో నల్లటి చారలు పడుతున్నాయని పక్కన పడేశారు. ఇప్పుడు ఓపీ పక్కన పాత సామాన్ల గదిలో, విరిగిన సెలైన్ స్టాండుకి ఆనుకుని ఉన్నాను. ఆ తర్వాత ఎవరూ నన్ను మెడకు ఆనించలేదు.

ఈ ఉదయం గోడవతల వరసలో ఏదో గొడవ. ఒక గొంతు, బొంగురుగా, అక్కడక్కడా తెగుతూ, అయినా వసారా అంతా వినపడేలా:

"ఏందయ్యా, మేం పొద్దుట్నించీ నిలబడ్డది నీకు దారియ్యటానికా? ఎనక్కి పో! చెయ్యి తియ్యి, తగిలిద్ది, ఇది మరలేసిన చెయ్యి!"

జనం నవ్వారు. ఆ మనిషి వెనక్కి వెళ్ళినట్టున్నాడు. కుమారి ఇంకా అరుస్తూనే ఉంది.