లేని చోట చూపించిన పాలపుంత

గుమ్మటం కింద దీపాలు ఒక్కసారిగా ఆర్పకూడదు. పొద్దు కుంకినట్టు మెల్లమెల్లగా తగ్గించుకుంటూ రావాలి. అప్పుడే కూచున్నవాళ్ళ కళ్ళు చీకటికి అలవాటు పడి, చుక్కలు ఒక్కొక్కటే బయటికొస్తాయి. ఆ ప్లానెటేరియంలో ఏళ్ళ తరబడి ఆకాశం గురించి చెబుతున్న ఆవిడని అందరూ చుక్కలమ్మ అనే పిలుస్తారు. ఎర్ర బాణం గుర్తు వేసే టార్చి పట్టుకుని ఆమె మాట్లాడుతుంటే పిల్లలు నోళ్ళు తెరుచుకుని వింటారు.

ఆ మధ్యాహ్నమూ అలాగే చెబుతోంది.

“మన ఇల్లు బయటికెళ్ళి చూస్తే కదా ఎలా ఉందో తెలిసేది. మనమేమో ఈ పాలపుంత లోపలే కాపురం ఉంటున్నాం. అందుకే అంత పెద్ద చక్రం మనకి ఒక చారలా కనబడుతుంది. పుట్టినప్పుడే ఇంత లేదిది. చుట్టుపక్కల చిన్న చిన్న నక్షత్రాల గుంపుల్ని కలుపుకుంటూ, మింగుకుంటూ పెరిగింది. ఇదిగో, తలుపు పైనుంచి మొదలై ఇలా సాగింది, చూడండి.”

బాణం కప్పు మీద ఈ కొస నుంచి ఆ కొసకి నడిచింది. ఎవరూ ఆహా అనలేదు.

“ఆంటీ, అక్కడేం లేదుగా. పాలపుంత మీ వెనకుంది” అంది ముందు వరసలో ఒక పిల్ల. హాలంతా గొల్లుమంది.

చుక్కలమ్మ బాణం ఆర్పేసింది. పొద్దుటి ఆటలో భూమికి దక్షిణపు కొస నుంచి కనిపించే ఆకాశం చూపించారు. తర్వాత కప్పు మీద చుక్కలు వేసే యంత్రాన్ని వెనక్కి తిప్పలేదన్నమాట. తలెత్తితే ఎవరికైనా తెలిసేదే. ఆమె మాత్రం అలవాటు కొద్దీ రోజూ చూపించే చోటే చూపించింది.

“నిద్రపోతున్నారేమోనని చూశాన్లే” అని నవ్వేసింది. “ఇక ముందు సంగతి. దేవయాని అనే పక్క గెలాక్సీ మనవైపే వస్తోంది. వందల కోట్ల ఏళ్ళ తర్వాత రెండూ ఢీకొనక తప్పదని ఇదివరకు గట్టిగా చెప్పేవాళ్ళు. ఇప్పుడు ఢీకొనొచ్చు, తప్పుకుపోనూ వచ్చు అంటున్నారు.”

ఆ మాటనే తనలో తాను అనుకున్నట్టు ఇంకోసారి చెప్పింది.

జనం వెళ్ళాక యంత్రం నడిపే బాబాయి ఆమె దగ్గరికొచ్చాడు. సొంత బాబాయి కాదు గానీ ఆమె అలాగే పిలుస్తుంది.

“ఏమ్మా, అద్దె ఇల్లు మార్చినట్టు పాలపుంతనే మార్చేశావ్?”

ఆమె నవ్వలేదు. “నాకు కనబడట్లేదు బాబాయ్. పెద్ద చుక్కలు నాలుగైదు తప్ప అంతా నలుపే.”

ఆయన పక్క సీట్లో కూలబడ్డాడు. ఆమె మెల్లిగా చెప్పుకొచ్చింది. వాళ్ళ నాన్నని సందె పడ్డాక చెయ్యి పట్టుకుని నడిపించింది తనే. కొన్నాళ్ళకి పట్టపగలూ నడిపించాల్సొచ్చింది. రేచీకటితో మొదలై చూపంతా తీసేసే ఆ జబ్బే తనకీ వచ్చిందనీ, ఆపే మందు లేదనీ డాక్టరు చెప్పాడు. ఆమె కూతురికి రావచ్చు, రాకపోవచ్చు, కొందరికి చిన్నప్పుడే మొదలవుతుంది అన్నాడు.

“ఉద్యోగం పోతే పోనీ. నిన్న దీపం వెయ్యని గదిలో మా పిల్ల బకెట్ తన్నుకుని పడింది.”

“పిల్లలన్నాక పడరా?”

“మా నాన్నా మొదట బకెట్లే తన్నుకునేవాడట.”

ఆమె టార్చిని ఒళ్ళో పెట్టుకుంది.

“దాన్నీ ఆసుపత్రిలో చూపించాలి. కానీ డాక్టరు నోట వినేముందు, దానికి చీకట్లో కనబడుతోందో లేదో నాకు తెలియాలి. బడి వదిలాక ఎలాగూ ఇక్కడికే వస్తుందిగా. ఆకాశం ఎప్పుడూ ఉండే చోట పెట్టకు, అది దానికి కంఠతా వచ్చు. నీకు తోచినవైపు తిప్పు.”

సాయంత్రం కూతురు వచ్చి సంచీ పడేసి, ఖాళీ హాల్లో మధ్య సీటెక్కి కూచుంది. చుక్కలమ్మ టార్చి దాని చేతిలో పెట్టింది. దీపాలు తగ్గాయి.

“ఏం ఆటమ్మా ఇది?”

“పాలపుంత ఎక్కడుందో బాణం వేసి చూపించాలి. కళ్ళు అలవాటు పడనీ, తొందరలేదు.”

పూర్తిగా చీకటైంది. పిల్ల మాట్లాడలేదు. చుక్కలమ్మ ఆ సీటు వైపు వంగింది.

“ఏమే?”

“ఆగు. తొందరలేదని నువ్వేగా అన్నావ్.”

కప్పు మీద బాణం వెలిగింది. అటూ ఇటూ తచ్చాడి, వెనక సీట్ల వైపు, కప్పు అంచు దగ్గర ఆగింది. తల్లికి నల్లటి నలుపులో ఆ ఎర్ర గుర్తొక్కటే కనబడింది.

“అదిగో” అంది పిల్ల.

“అదే” అన్నాడు బాబాయి.

మరీ వెంటనే అన్నాడు. జాలిపడి అన్నాడేమో. ఆయన మంచివాడు, ఇలాంటప్పుడు అబద్ధమైనా ఆడతాడు.

“ఎలా ఉందో చెప్పు” అంది తల్లి.

“తెల్లగా ఉంది.”

 కళ్ళు మూసుకున్నవాళ్ళయినా ఆ మాట చెబుతారు. “ఇంకా?”

“ఒకచోట నిలువునా చీలింది. మధ్యలో నల్లగా, పాత దుప్పటి చిరిగినట్టుంది. ఇదెప్పుడూ చెప్పలేదేంటమ్మా నువ్వు?”

అది చుక్కల వెలుగుకి అడ్డొచ్చే ధూళి మేఘాల చీలిక. తన కళ్ళకి కనబడటం మానేసినప్పటి నుంచి అది ఆమె మాటల్లోంచి కూడా జారిపోయింది. చుక్కలమ్మ సీటు చెయ్యి పట్టుకుని కూచుంది. పిల్లకి నిజంగానే కనబడుతోంది.

కాసేపటికి పిల్ల, “అమ్మా, ఇప్పుడు బాణం దేన్ని చూపిస్తోంది?” అంది.

తల్లి ఆ ఎర్ర గుర్తు చుట్టూ వెతికింది.

“చెప్పమ్మా. పెద్దగానే ఉంది.”

“కనబడట్లేదే.”

బాణం ఆరిపోయింది. “తాతయ్యకి అయినట్టా?”

“ఊఁ.”

“నాకూ అవుతుందా?”

“ఇప్పుడైతే లేదు.”

“తర్వాత?”

“తెలీదమ్మా.”

చీకట్లో చిన్న చెయ్యి వెతుక్కుంటూ వచ్చి ఆమె మణికట్టు పట్టుకుంది. గోళ్ళు దిగేలా పట్టుకుంది. బాబాయి స్విచ్చుల వైపు నడిచాడు.

“లైట్లు వెయ్యకు తాతా” అంది పిల్ల. “నన్ను ఇంకాసేపు చుక్కలు చూడనీ.”

సీటు వెనక్కి వాలిన చప్పుడైంది. పిల్ల ఊపిరి పరుగెత్తి వచ్చినట్టు వేగంగా వినబడుతోంది. ఆ కళ్ళు రెప్ప వేస్తున్నాయో లేదో తల్లికి కనబడలేదు.