మొగలి పొదకు ముడి

ఆ ఆదివారం మధ్యాహ్నానికి చెరుకర వాగులో నీళ్ళు కదలడం కనిపించింది. మూడేళ్ళుగా గుర్రపుడెక్క కింద దాక్కున్న నీళ్ళు. ఇరవై ఇద్దరం పొద్దున్నే దిగి డెక్క పీకాం, ప్లాస్టిక్ సంచులు ఏరాం. అందరినీ పిలిచింది నేను. ఎవరు ఎక్కడ దిగాలో కాగితం మీద రాసిపెట్టిందీ నేనే. నాన్న కొబ్బరిచెట్లు ఎక్కేవాడు. మా ఇంట్లో కాలేజీ మెట్లు ఎక్కిన మొదటి మనిషిని నేను. ఊరికి ఏదైనా చెయ్యాలని గట్టిగా ఉండేది.

గట్టు మీది మొగలి పొదల ముళ్ళకే చెత్తంతా చిక్కుకుంటోందని, వాటినీ నరికి పెకలించమని అదే కాగితంలో రాశాను. పెకలించారు.

భార్గవియమ్మ సంత నుంచి వచ్చేసరికి ఆమె ఇంటి వెనక గట్టు బోసిగా ఉంది. డెబ్బై ఏళ్ళ మనిషి, మొగలాకుతో చాపలు అల్లి బతుకుతోంది. నెత్తిమీది చాపల కట్ట దించకుండానే నిలబడిపోయింది.

"ఎవరు తియ్యమన్నారు మోళే, బిడ్డా?"

"నేనే, అమ్మూమ్మా."

"గట్టును పట్టుకున్నది ఆ వేళ్ళే కదా తల్లీ! ఎడవం నెల వానాకాలానికి ఇంక పన్నెండు రోజులు. వాగు పొంగితే ముందు కొట్టుకుపోయేది నా వంటిల్లు."

పుట్టగానే నన్ను పడుకోబెట్టింది ఆమె అల్లిన చాప మీదే. ఆ ఆకునే నేను చెత్త అనుకున్నాను.

పడవ నడిపే పౌలోస్ చేట్టన్, మా అందరికీ అన్న వరస, ఊరుకోలేదు. "మొగలిపొద పాఠం చెప్పిన రోజు పిల్ల సెలవు పెట్టినట్టుంది!"

"నువ్వు నోరు ముయ్యి పౌలోసూ. నరికింది నీ చెయ్యి కాదూ? నీకు తెలీదూ?"

"కాగితంలో రాసుందిగా చేచీ!" అన్నాడు, ఆమెను అక్క వరసలో పిలుస్తూ.

ఆమె కట్ట దించి, గుట్టలో పడున్న మొగలి కాండాలను తిరగేసి చూసింది. "ఇంకా చావలేదు. ఎండ తగలకుండా తడి డెక్క కప్పండి. రేపు పనులకు పోయేముందు ఎంతమంది వస్తారు?"

పదకొండు మంది వచ్చారు. మర్నాడు పంతొమ్మిది. ఆమె చెప్పినట్టు పోకమాను గుంజలు దిగ్గొట్టి, వాటి మధ్య కొబ్బరిమట్టలతో దడి అల్లాం. దడి వెనక, మేం పీకిన డెక్కనే బురదతో కలిపి తొక్కాం. అందులో కాండాలు నాటాలి. నేను నిటారుగా పెడుతుంటే కసిరింది.

"పరీక్షకు పోతోందా అది, అంత బిగుసుకుని నిలబెట్టావు? ఏటవాలుగా పడుకోబెట్టు."

రోజూ పని అయ్యాక ఉడికించిన కర్రపెండలం, పచ్చిమిర్చి పచ్చడి పెట్టేది. నా వల్లే ఇల్లు పోయేలా ఉన్న మనిషి చేతి తిండి. నేను వెనక్కి తగ్గితే, అరిటాకు నా ముందుకు నెట్టింది. "సిగ్గు తర్వాత పడుదువు గాని, ముందు తిను."

వాన ఒకరోజు ముందే వచ్చింది. మూడు రోజులు వదలలేదు. నాలుగో పొద్దున గొడుగు కూడా మరిచి పరుగెత్తాను. వాగు మట్టల దడి అంచుదాకా ఉంది. ఒకచోట దడి వాలిపోయింది. గట్టు మాత్రం నిలిచింది. వంటింటి కప్పులోంచి పొగ వస్తోంది.

"ఆ బురద కాళ్ళతో లోపలికి రాకు! చాప ఆరేశాను!"

అంత చల్లని తిట్టు నేనెప్పుడూ వినలేదు. చూరు కింద నిలబడి కళ్ళు తుడుచుకున్నాను.

కొత్త పొదలు కోతకు రావడానికి రెండేళ్ళు పడుతుంది. అందాకా ఆమె మేనకోడలి ఊరి నుంచి ఆకు తెప్పించుకుంటోంది. ఆ మోపులు బస్టాండు నుంచి మోసుకొచ్చేది నేనే. అది కూడా నేను పోట్లాడి తీసుకున్న పని.

ఇప్పుడు మేం వాగులోకి దిగేముందు ఆమె గట్టు వెంట నడుస్తుంది. ఉంచాల్సిన ప్రతి మొక్కకూ ఆకు కొసలు ముడి వేస్తుంది.

"ముడి లేనివి నరకొచ్చా చేచీ?" అంటాడు పౌలోస్ చేట్టన్.

"అవీ అడిగి నరుకు!"

నేను ఇప్పటికీ కాగితం రాస్తాను. మొదటి వరుస మాత్రం మారదు: భార్గవియమ్మ గట్టు చివరిదాకా నడిచి వచ్చేవరకు ఎవరూ కత్తి పట్టకూడదు.